మామిడికాయల బండిలో మా టైలరక్క

మానుకోట టైలరక్క పోయింది. పోయిన మంగళవారం జనగామలో మా బడిలో మూడో తరగతి పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తుంటే ఆమె భర్త ఫోన్ చేశాడు. ఆయన్ను నేను బావ అని పిలుస్తాను. "మీ అక్క పొద్దుగాల పోయిందమ్మా. నాలుగింటికి ఎత్తుతం," అన్నాడు. సరే బావా అన్నాను. ఫోన్ పెట్టేసి, ఎక్కం ఎక్కడ ఆపామని పిల్లల్ని అడిగాను. ఆరు దగ్గర అన్నారు. అక్కడి నుంచి పది దాకా చెప్పించాను. తర్వాత హెడ్‌మాస్టర్ గారికి సెలవు చీటీ రాసిచ్చి, ఇంటికి వెళ్లి, పొద్దున వండిన అన్నం తిని, మానుకోట పోవడానికి తొర్రూరు బస్సెక్కాను.

ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకు కూడా రాలేదు. ఎందుకు రావడం లేదో నాకు తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పత్తి చేలు చూస్తూ పోయాను. టికెట్ ఎక్కడికని కండక్టర్ రెండుసార్లు అడిగితే గానీ వినిపించలేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు ఉండకపోవచ్చు. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉండే ఊరిని మేం మానుకోట అంటాం. అక్కడ ఓ సందులో ఒక్క షట్టరు దుకాణం ఆమెది. జాకెట్లు మాత్రమే కుట్టేది. ఆమె చేసిన పనికి ఏ కాగితం మీదా ఆధారం లేదు. తెలిసినవాళ్లం కొందరమే ఉన్నాం. మేం కూడా మరిచిపోతే అది జరగనట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను.

కరోనా రావడానికి ముందటి చలికాలంలో నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము తీసేశారు. గాయం మానాక హైదరాబాద్‌లో ఓ పెద్ద దవాఖానలో కీమో మొదలుపెట్టారు. మూడు వారాలకో డోసు, మొత్తం ఆరు. రెండో డోసుకు పోయిన రోజు వరండా బెంచీ మీద నా పేరు పిలుస్తారని కూర్చున్నాను. ఎడమ చెయ్యి మడిచి ఛాతీకి ఆనించి, దాని మీదుగా కొంగు నిండా కప్పుకునేదాన్ని ఆ రోజుల్లో. పక్కన యాభై ఏళ్లు దాటిన ఆవిడ ఒకరు చాలాసేపు నన్నే చూసి, "చెయ్యి గట్ల మడిచి పెట్టుకుంటే భుజం పట్టుకుంటది చెల్లె. ఇడువు," అంది.

ఆమె మాటతీరు విని, మీదెక్కడని అడిగాను. మానుకోట అంది. మా అమ్మగారిదీ ఆ దిక్కే అన్నాను. తనకు ఏడేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయిందనీ, ఏటా ఓసారి పరీక్షలకు వస్తాననీ చెప్పింది. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. ఎదురు బెంచీ మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నాకు సిగ్గేసింది. ఆమె కొంగు మామూలుగా ఉంది, జాకెట్ రెండు వైపులా సమంగా ఉంది. నాకు అర్థం కాలేదు. నా చూపు కనిపెట్టి, దా అని చెయ్యి పట్టుకుని ఆడవాళ్ల బాత్రూంలోకి తీసుకుపోయింది. తన సంచిలోంచి టేపు తీసి కొలతలు తీసుకుంది. దూదితో, మెత్తని నూలు బట్టతో తీసేసిన వైపుకు తనే ఒకటి కుట్టుకున్నాననీ, బరువు కోసం లోపల గుప్పెడు ఆవాలు పోశాననీ, లేకపోతే జాకెట్ పైకి ఎక్కుతుందనీ చెప్పింది. నాకు ఇప్పుడే కుట్టదట. కీమో అయ్యేదాకా ఒళ్లు మారుతూ ఉంటుందట. కొలతలు ఎక్కడా రాసుకోలేదు. గుర్తుంటాయి అంది.

పోయేముందు ఫోన్ నంబర్ ఇస్తూ ఒక షరతు పెట్టింది. "బాధ చెప్తే ఇద్దరం కూసొని ఏడుస్తం. ఏం కావాల్నో చెప్తే ఒకలమన్న లేస్తం. ఏం కావాల్నో చెప్పనీకే ఫోన్ చెయ్యి."

మూడో డోసు రాకముందే లాక్‌డౌన్ వచ్చింది.

మా ఆయన భూపాలపల్లిలో బొగ్గుబావిలో పని చేస్తాడు. గనులు ఆగలేదు. రోజూ వందమందితో కలిసి లోపలికి దిగే మనిషి. కీమో వల్ల నా ఒంట్లో తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి, బయటి మనిషి దగ్గితే నాకు ప్రమాదం అని డాక్టర్ చెప్పాడు. అందుకని ఆయన జనగామకు రావడం మానేసి అక్కడే క్వార్టర్లో ఉండిపోయాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి. హైదరాబాద్ పోయి వచ్చానని మా తలుపుకు క్వారంటైన్ అని ఓ కాగితం అంటించారు. పాలాయన ప్యాకెట్ గేటు బయటే పెట్టి పోయేవాడు. పక్కింటివాళ్లు మంచివాళ్లే, ఇప్పటికీ మంచివాళ్లే. కానీ ఆ నెలల్లో మా వైపు కిటికీ తెరవలేదు. కరోనాకు భయపడ్డారో, క్యాన్సర్ కూడా అంటుకుంటుందనుకున్నారో నేను అడగలేదు.

డోసు తేదీ వచ్చింది, పోయింది. బస్సుల్లేవు. కారు మాట్లాడదామంటే దవాఖాన అన్న మాట వినగానే డ్రైవర్లు వద్దనేవాళ్లు. దవాఖాన ఫోన్ ఎప్పుడు చేసినా ఎంగేజే. ఊళ్లో అన్నీ ఆగిపోయాయి. నా లోపలిది ఆగిందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఎనిమిదో రోజున టైలరక్కకు ఫోన్ చేశాను. షరతు మరిచిపోయి ఏడ్చాను. ఆమె అడ్డుపడకుండా విన్నది. చివరికి, "అయిందా? ఇగ చెప్పు, ఏం కావాలె?" అని అడిగింది.

హైదరాబాద్ పోవాలన్నాను.

"ఎల్లుండి ఏడింటికి గేటు కాడ ఉండు. కడుపునిండ తినకు, బండి ఊగుతది."

బావకు ట్రాలీ ఉంది. మామిడికాయల కాలం. తోటల నుంచి హైదరాబాద్ మార్కెట్‌కు కాయలు తోలేవాడు. కాయలు తోలడానికి లాక్‌డౌన్ పాసు ఉంది. ఆ రోజు బండి మా గేటు ముందు ఆగేసరికి వెనక కాయల డబ్బాల మధ్య, పట్టా కింద, టైలరక్క కూర్చుని ఉంది. ఆమె పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు. నర్సింహులపేట రైతు. గొంతు క్యాన్సర్, మాట రాదు. దారిలో ఎక్కించుకుని వచ్చారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బకెట్ పెట్టింది. పచ్చి కాయల జీడి వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. బావ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. గుంత వచ్చిన ప్రతిచోటా బండి ముందే నెమ్మది చేసేవాడు. ఆయన మాట అదే.

జిల్లా దాటేచోట పోలీసులు ఆపారు. పాసు చూశారు. పాసు కాయలకు ఇచ్చారు, మనుషులకు కాదు, దిగమన్నారు. టైలరక్క డబ్బాల మధ్య నుంచి దిగి వచ్చి దూరంగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"కాయ ఆగితే పండుతది సారు. రోగం ఆగితే ముదురుతది."

ఆ ఎస్సై చెడ్డవాడేం కాదు. రోగమని రుజువేంటి, రోజూ వందమంది ఇదే చెబుతున్నారు అన్నాడు. నేను కిటికీలోంచి ఫైలు చాపాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు, భయపడ్డాడు. దవాఖాన ఫైలు, ఎవరెవరి చేతులు పడ్డాయో అనుకుని ఉంటాడు. ఫైలు చాపిన నా చెయ్యి అలాగే గాల్లో ఉంది. అప్పుడు నేను తలకు కట్టుకున్న స్కార్ఫ్ విప్పాను. అప్పటిదాకా మా అమ్మాయి ముందు కూడా విప్పలేదు. ఎండ నేరుగా నెత్తి మీద తగిలింది. ఎస్సై పక్కకు చూసి, పోండి అన్నాడు. రోడ్డుకు అడ్డం కట్టిన తాడు దించారు.

బండి కదిలాక టైలరక్క వెనక అద్దం మీద తట్టింది. మంచి పని చేశావనో, ధైర్యవంతురాలివనో అంటుందనుకున్నాను. స్కార్ఫ్ కట్టుకో, ఎండ తగులుతుంది అని సైగ చేసింది. ఆమె నాకు ఎప్పుడూ ధైర్యంగా ఉండు అని చెప్పలేదు. ఆ మాట చెప్పని మనిషి ఆ రోజుల్లో ఆమె ఒక్కతే.

దవాఖానలో తోడును లోపలికి రానివ్వలేదు. కీమో హాల్లో కుర్చీలన్నీ దూరం దూరం జరిపి ఉన్నాయి. అంతకు ముందు ఎవరో ఒకరు చేతిని పట్టుకుని ఉండేవాళ్లు, ఇప్పుడు అందరం ఒంటరిగా గోడవైపు చూస్తూ మందు ఎక్కించుకున్నాం. నాలుగు గంటలు పట్టింది. బయటికి వచ్చేసరికి ఆమె ప్రహరీ గోడ పక్కన ఫుట్‌పాత్ మీద, గోడ నీడ ఎంత ఉంటే అంతలో ఒదిగి కూర్చుని ఉంది. నీడ జరిగినకొద్దీ తనూ జరుగుతూ పొద్దంతా గడిపింది.

అప్పుడు ఓ మాట చెప్పింది. నేను దాన్ని మామూలు మాటగానే విన్నాను. తన ఏడాది పరీక్షలు ఆ నెలలోనే చేయించుకోవాలట, ఎలాగూ వచ్చాం కదా అని గేటు దగ్గర అడిగిందట. ట్రీట్‌మెంట్ నడుస్తున్నవాళ్లే లోపలికి, అయిపోయినవాళ్లకు తర్వాత చెబుతాం అన్నారట. "నన్ను పాస్ చేసిన్రు," అని నవ్వింది. టీచర్‌నని నా దగ్గర అలాంటి మాటలు వాడేది. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో పెద్దాయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఖాళీ ట్రాలీలో పట్టా పరిచి నన్ను పడుకోబెట్టి, తల తన తొడ మీద పెట్టుకుంది. వాంతి అయిన ప్రతిసారీ బకెట్ కడిగి మళ్లీ పెట్టింది.

ఇక్కడి నుంచి ఫోన్ల సంగతి. రోజూ పొద్దున పదకొండు గంటలకు ఆమె ఫోన్ చేసేది. మొదట నాకొక్కదానికే అనుకున్నాను. తర్వాత తెలిసింది, మరో నలుగురికి కూడా అని. విడివిడిగా చేస్తే కుట్టుపని సాగడం లేదని కొడుకు దగ్గర కాన్ఫరెన్స్ కాల్ నేర్చుకుని అందరినీ కలిపింది. అప్పుడు మాస్కులు కుట్టేది. ఫోన్‌లో వెనక మిషన్ చప్పుడు వినిపించేది. మిషన్ ఆగిందంటే ఆమె ఎవరో చెప్పేది శ్రద్ధగా వింటోందని గుర్తు.

మా ఫోన్లో టేకుమట్ల అవ్వ ఉండేది. అరవై దాటిన మనిషి, నోటి క్యాన్సర్‌కు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని వచ్చింది, నోరంతా పుండ్లు. మహదేవపూర్ దిక్కు నుంచి ఓ చిన్న వయసు తల్లి ఉండేది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు, ఫోన్ కోసం గోదావరి కరకట్ట దాకా నడిచి వచ్చేది. ఆమె మాట్లాడుతుంటే గాలి హోరు వినిపించేది. మరిపెడ నుంచి ఒకామె, నేను. నర్సింహులపేట పెద్దాయనకు మాట రాదు కాబట్టి ఆయన భార్య ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టేది. ఆయన వింటున్నట్టు గుర్తుగా ఫోన్ మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు. ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం.

ఆమె ముందు అడిగేది ఒకటే, తిన్నావా అని. తిన్నానంటే వదిలేది కాదు, ఏం తిన్నావు, ఎంత తిన్నావు అని అడిగేది. మజ్జిగలో నానబెట్టిన అటుకులు నోటి పుండుకు తగిలినా మండవని టేకుమట్ల అవ్వ చెప్పింది. అది మా అందరికీ పనికొచ్చింది. మరిపెడ ఆమె, తన పాత జుట్టు కలలో వస్తోందని ఒకరోజు చెప్పింది. మిషన్ ఆగింది. టైలరక్క, "నాకు గూడ వచ్చేది," అంది. మళ్లీ మిషన్ మొదలైంది.

పలకరించడానికి వచ్చేవాళ్లంటే ఆమెకు చిరాకు. లాక్‌డౌన్‌లో ఎవరూ రాలేరు కానీ, ముందటి సంగతి చెప్పేది. "ఆపిల్ పండ్లు తెచ్చెటోళ్లు మస్తుమంది ఉంటరు. గిన్నెలు తోమిపొయ్యెటోళ్లు ఒక్కలు రారు." నిజమే. మాకు ఆ నెలల్లో కావలసినవన్నీ అంత చిన్నవే. ఒకామెకు గోళీలు అయిపోయేవి, ఇంకొకామె పిల్లాడికి పాలు లేవు. మరొకామెకు తన భయం విని పారిపోని మనిషి కావాలి. పెద్ద దవాఖానలో ఇచ్చేది ఒకటైతే, ఇంటికి వచ్చాక కావలసినవి వంద. ఆ వంద కరోనాలో అందరి కళ్ల ముందు నుంచి మాయమైపోయాయి. వాటిని ఆమె ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకునేది. బావ బండి ఎటు పోతే అటువైపు వస్తువులు పంపేది.

మా ఆయన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజూ ఫోన్ చేసేవాడు. పది నిమిషాలు మాట్లాడితే అందులో తొమ్మిది నిమిషాలు ఆయన భయమే. నేను ఓదార్చి పెట్టేసేదాన్ని. ఇది టైలరక్కకు చెబితే, ఆయన నంబర్ ఇవ్వమంది. "మగోనికి పని చెప్పాలె. లేకపోతే భయం చెప్తడు." మర్నాడే ఆయనకు ఫోన్ చేసి, టేకుమట్లలో అవ్వకు నోటికి పూసుకునే మందు కావాలి, భూపాలపల్లిలో కొని తీసుకుపో అని చెప్పింది. డ్యూటీ దిగాక ఆయన బైకు మీద పోయి, అవ్వ గుమ్మం ముందు అరుగు మీద మందు పెట్టి, దూరంగా నిలబడి మాట్లాడి వచ్చాడు. తర్వాత వారానికి రెండుసార్లు పోయేవాడు. నాతో మాట్లాడేటప్పుడు అవ్వ ఏం తిన్నదో చెప్పేవాడు. ఆయన గొంతు మారింది. మా ఇద్దరికీ మళ్లీ మాట్లాడుకోవడానికి ఏదో దొరికింది.

నర్సింహులపేట పెద్దాయన ఆ వానాకాలం దాటలేదు. ఒకరోజు ఫోన్లో రెండు దెబ్బలు వినిపించలేదు. ఆయన భార్య, "నిద్రపోతున్నడు," అంది. మూడో రోజున పోయాడని తెలిసింది. కరోనా కాదు, అయినా నలుగురే వచ్చారట. ఆ నలుగురిలో టైలరక్క ఉంది. ఆ రోజు కూడా పదకొండింటికి మాకు ఫోన్ చేసింది. ఆయన సంగతి చెప్పి, తిన్నారా అని అడిగింది. తిన్నామని చెప్పాం. అబద్ధం అని ఆమెకు తెలుసు. ఆ ఒక్క రోజు ఏం తిన్నారని అడగలేదు.

బావ బండిలోనే నా మిగిలిన నాలుగు డోసులూ పూర్తయ్యాయి. దవాఖానలో రేడియేషన్ కూడా అయ్యాక, ఓ రోజు బావ మా గేటు ముందు ఆగి పాత పేపర్లో చుట్టిన పొట్లం ఇచ్చిపోయాడు. అందులో రెండు జాకెట్లు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి గంధం రంగుది. వాటితో పాటు మెత్తటి తెల్ల బట్టతో గుండ్రంగా కుట్టినది. చేతిలోకి తీసుకుంటే లోపల ఆవాలు కదిలాయి. ఏడాది కిందట దవాఖాన బాత్రూంలో ఒక్కసారి తీసుకున్న కొలత. దారమంత తేడా లేదు. బడులు తెరిచిన రోజు ఆకుపచ్చ జాకెట్ వేసుకుని తరగతికి పోయాను. బోర్డు మీద రాయడానికి చెయ్యి పైకెత్తాను. ఎవరూ నన్ను వింతగా చూడలేదు. పిల్లలు లెక్క రాసుకున్నారు. అంతకు మించి నాకు ఏమీ అక్కర్లేదు.

ఇక రాయడానికి కష్టమైనది మిగిలింది.

ఆ ఏడాది తప్పిన పరీక్షలు ఆమె తర్వాత చేయించుకోలేదు. మళ్లీ ఏడాది రెండో వేవ్. అప్పుడూ బండిలో సీట్లు ట్రీట్‌మెంట్ నడిచేవాళ్లకే. ఆ తర్వాత అన్నీ తెరుచుకున్నాయి, కానీ ఆమె పోలేదు. ఏడేళ్లు, ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు బాగానే ఉన్నాను కదా అంది. ట్రీట్‌మెంట్ అయిపోయినవాళ్లను గెలిచినవాళ్లు అంటారు. గెలిచినవాళ్ల ఇంటికి పలకరించడానికి ఎవరూ పోరు. మాలో ఎవరైనా పరీక్ష తప్పితే తిట్టే మనిషి. ఆమెవే తప్పిపోయిన సంగతి మాకు ఎవరికీ గుర్తు రాలేదు. నన్ను పాస్ చేశారని ఆమె చెప్పిన రోజు నేను నవ్వాను. అది మాత్రం గుర్తుంది.

నడుం నొప్పి వస్తే, మిషన్ తొక్కేవాళ్లకు నడుం నొప్పి రాకుండా ఎలా ఉంటుందని ఊరుకుందట. పోయిన దసరా తర్వాత లేవలేకపోతే చూపించారు. క్యాన్సర్ వెన్నుపూసలోకి వచ్చింది. ముందే చూపిస్తే వేరేగా ఉండేదా అని డాక్టర్‌ను బావ అడిగాడట. చెప్పలేం అన్నాడట ఆయన. ఆ జవాబుతో ఏం చేయాలో బావకు తెలియలేదు. నాకూ తెలియదు.

ఆమె మాలో ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో నేను చేసిన ఫోన్ బావ ఎత్తి చెబితే తెలిసింది. మర్నాడే పోయాను. దుకాణం గదిలోనే మంచం వేశారు. లోపలి గదిలో ఉండమంటే, ఇక్కడైతే వచ్చేపోయేవాళ్లు కనిపిస్తారని వినలేదట. మనిషి సగమైంది. నన్ను చూసి, జాకెట్ భుజం దగ్గర కొంచెం జారుతోంది, ఒళ్లు తగ్గావా అని అడిగింది. నేను సర్దుకుని ఆమె చెప్పిన పద్ధతిలోనే అడిగాను.

"ఏం కావాలె అక్కా?"

చాలాసేపు ఆలోచించింది. మందుల పేరో, పండో, ఎవరినైనా పిలవమనో చెబుతుందనుకున్నాను. చెబితే లేవడానికి సిద్ధంగా, కుర్చీ అంచు మీద కూర్చున్నాను.

"ఏం వద్దు. జరసేపు ఊకె కూసో."

కూర్చున్నాను. సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. బావ టీ తెచ్చిపెట్టాడు, అది చల్లారింది. ఆమె కళ్లు మూసుకుంది, నిద్రపోలేదు. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా నేను ఆమెను తిన్నావా అని అడగలేదని అప్పుడు తోచింది. అడిగే అలవాటు ఆమెది, చెప్పే అలవాటు మాది. అడుగుదామని నోరు తెరిచాను. కానీ ఊరికే కూర్చోమంది కదా, అందుకని అడగలేదు. సాయంత్రం బస్సుకు లేచేటప్పుడు చెయ్యి నొక్కింది. ఆ తర్వాత నాలుగుసార్లు పోయాను. ప్రతిసారీ అంతే, ఊరికే కూర్చుని వచ్చాను.

మంగళవారం నేను చేరేసరికి మూడు దాటింది. సందు నిండా జనం. గుమ్మం ముందు పాడె కట్టి ఉంది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా అయింది. పూలదండ వేసి పక్కకు వచ్చి ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో, "జరుగుండ్రమ్మా, ముసలిదాన్ని చూడనియ్యిండ్రి," అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. తిరిగి చూస్తే ముడుతలు పడ్డ పొట్టి ఆవిడ, దవడ ఒక వైపు లోపలికి పోయి ఉంది. వెనకే మా ఆయన నిలబడి ఉన్నాడు, భూపాలపల్లి నుంచి వస్తూ తీసుకొచ్చాడు. టేకుమట్ల అవ్వవా అని అడిగాను. ఆమె నా మొహం చూసింది, గుర్తు పట్టలేదు. ఇంకోసారి మాట్లాడమంది. మాట్లాడితే, "జనగామ టీచరువు," అంది. మా మాటలు విని ఓ నల్లచీర ఆమె దగ్గరికి వచ్చి తనది మరిపెడ అంది. మహదేవపూర్ ఆమె తన కూతురితో వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతట. గాలి హోరు లేకుండా ఆమె గొంతు విన్నది నేను అదే మొదటిసారి. నలుగురం ఓ చోట నిలబడ్డాం. అప్పటి అలవాటు కొద్దీ కాబోలు అవ్వ, తిన్నారా అని అందరినీ అడిగింది.

డప్పు మొదలైంది. దింపుడుకల్లం దాకా ఆడవాళ్లం కూడా నడిచాం. అక్కడ పాడె దించి చనిపోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏమూలైనా ఉంటే పలుకుతుందని. కొడుకు వంగి అమ్మా అని మూడుసార్లు పిలిచాడు. డప్పు ఆపారు. ఎవరూ పలకలేదు. పాడె ఎత్తబోతుంటే బావ చెయ్యి అడ్డుపెట్టి మా వైపు చూశాడు.

"మీరు గూడ పిలువుండ్రి. మీ గొంతులు గుర్తువడుతది."

మేం రక్తసంబంధం కాదు. పిలవవచ్చో లేదో తెలియదు. పెద్దలు ఎవరూ వద్దనలేదు. ముందు అవ్వ వంగింది, బిడ్డా అంది. మరిపెడ ఆమె, మహదేవపూర్ ఆమె పిలిచారు. నేను చివర వంగాను. పసుపు వాసన, సాంబ్రాణి వాసన. అక్కా అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది, బడిలో హాజరు పిలిచినట్టు. కొంచెం ఆగాను. లేచి పక్కకు వచ్చాను.

అక్కడి నుంచి మగవాళ్లు తీసుకుపోయారు. శ్మశానం రైల్వే గేటు అవతల. వాళ్లు పట్టాలు దాటారో లేదో వెనకాలే గేటు పడింది. బొగ్గు గూడ్సు వచ్చింది. నిదానంగా పోతోంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో అవతలి రోడ్డు కనిపించేది, దాని మీద పాడె బంతిపూల పసుపు. మళ్లీ పెట్టె అడ్డం వచ్చేది. ఇంకో సందులో ఆ పసుపు కాస్త దూరంగా, ఇంకాస్త చిన్నగా. తర్వాతి సందుల్లో చెట్లే కనిపించాయి. గార్డు పెట్టె కూడా పోయి గేటు లేచేసరికి రోడ్డంతా ఖాళీగా ఉంది. దారి పొడుగునా చల్లిన పేలాలను ఓ మేక తీరుబడిగా ఏరుకుని తింటోంది.